ఆదరణ పొంది, ఆదరువై

అయినవారిని ఒక్కొక్కరినే పోగొట్టుకున్న పండిత రమాబాయికి విశ్వాసం దుఃఖాన్ని మరపించలేదు; ఆ దుఃఖంతోనే ఇతరుల కన్నీరు తుడవడం నేర్పింది.

పాడె మోయడానికి నలుగురు కావాలి. పరాయి ఊరు, కరువు రోజులు. జాలి తలచి వచ్చినవారు ఇద్దరే. కొడుకు మూడో మనిషి. నాలుగో కొమ్ము పట్టేవారు లేక, మరణించిన తల్లికి కూతురే ముందుకు వచ్చింది. మిగిలినవారితో సమానమైన ఎత్తు లేనందున ఆమె తన వంతు బరువును భుజంపై కాక తలపై పెట్టుకుని శ్మశానం వరకు నడిచింది.

ఆ యువతే తరువాతి కాలంలో పండిత రమాబాయిగా దేశమంతటా పేరొందారు. 1858లో జన్మించిన ఆమెకు తల్లిదండ్రులే గురువులు. తండ్రి అనంతశాస్త్రి స్త్రీలకు సంస్కృతం నేర్పరాదన్న ఆనాటి కట్టుబాటును లెక్కచేయక భార్యకు చదువు చెప్పారు. ఆ తల్లి వద్ద కూతురు నేర్చుకుంది. పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణాలు చదివి వినిపిస్తూ ఆ కుటుంబం జీవించేది.

1870ల కరువు దక్షిణదేశాన్ని కబళించినప్పుడు వారివద్ద డబ్బు అయిపోయింది, నగలు అయిపోయాయి, చివరికి గింజలు కూడా అయిపోయాయి. మరణమే శరణ్యమని తలచి తిరుపతి కొండల అడవిలోకి వెళ్ళారు. పదకొండు రోజులు ఆకులు, నీళ్ళే ఆహారం. అక్కడి నుంచి తిరిగివచ్చిన తరువాత తండ్రి కన్నుమూశారు. చూపు కోల్పోయిన ఆ వృద్ధుడు చివరి ఘడియలలో చిన్న కూతురిని దగ్గరకు తీసుకుని, ఆమెను భగవంతుని చేతికి అప్పగించానని, జీవితాంతం ఆయనకే సేవ చేయాలని చెప్పారు. కొద్దికాలంలోనే తల్లి, అక్క కూడా పోయారు.

మిగిలిన అన్నతో కాలినడకన దేశం తిరిగి, 1878లో రమాబాయి కలకత్తా చేరారు. అక్కడి విద్వాంసులు ఆమె సంస్కృత పాండిత్యానికి అబ్బురపడి ‘పండిత’, ‘సరస్వతి’ అన్న బిరుదులిచ్చి గౌరవించారు. కాని 1880లో అన్న మరణించాడు. అదే సంవత్సరం ఆమె బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధావిని వివాహమాడారు. మరుసటి ఏడాది కూతురు మనోరమ పుట్టింది. 1882లో కలరా భర్తను తీసుకుపోయింది. అప్పటికి రమాబాయి వయస్సు ఇరవై మూడేళ్ళు.

అస్సాంలోని సిల్చార్‌లో కాపురమున్న రోజులలో భర్త పుస్తకాల మధ్య ఆమెకు బెంగాలీ భాషలోని లూకా సువార్త దొరికింది. ఆసక్తితో చదివారు. అయితే ఆ చదువు వెంటనే ఆమెను మార్చివేయలేదు. 1883లో ఉన్నతవిద్య కోసం ఇంగ్లండు వెళ్ళినప్పుడు, లండన్‌లోని ఫుల్హామ్‌లో పతితలుగా సంఘం వెలివేసిన స్త్రీలను క్రైస్తవ సన్యాసినులు అక్కున చేర్చుకోవడం కళ్ళారా చూశారు. అలాంటి స్త్రీల పట్ల దయ చూపడం ఆమెకు కొత్త అనుభవం. కారణమేమని అడిగితే, బావివద్ద సమరయ స్త్రీతో యేసు మాటాడిన వృత్తాంతాన్ని వారు చదివి వినిపించారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఆమె కూతురితో సహా బాప్తిస్మం పుచ్చుకున్నారు.

కథ ఇక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు. మతం మారిన మాత్రాన మనసు కుదుటపడలేదు. ఆమెకు తోడుగా వచ్చిన స్నేహితురాలు ఆ పరాయిదేశంలోనే మరణించింది. స్వదేశంలో అయినవారనుకున్నవారు ముఖం తిప్పుకున్నారు. ఇటు క్రైస్తవ గురువులతోనూ సిద్ధాంత విషయాలలో వాదం తప్పలేదు. సిలువపై లాటిన్ మాటలెందుకు, సంస్కృతమెందుకు ఉండరాదని ఆమె ప్రశ్నించారు. శాకాహారమూ విడువలేదు, దేశీయ వేషమూ విడువలేదు.

బాప్తిస్మం జరిగిన ఎనిమిదేళ్ళకు ఆమె తనను తాను పరీక్షించుకుని ఒక నిశ్చయానికి వచ్చారు: తనకు క్రైస్తవమతం దొరికింది గాని క్రీస్తు ఇంకా దొరకలేదు. విలియం హాస్లమ్ అనే ఆంగ్ల గురువు ఆత్మకథ ఆమెకు ఆ వెలితిని తెలియజేసింది. అర్హతలను లెక్కవేయక, పసిబిడ్డ తల్లిని నమ్మినట్టు దైవాన్ని నమ్మినప్పుడే నెమ్మది కలిగిందని తరువాత తన సాక్ష్యంలో రాసుకున్నారు. ఏళ్ళ తరబడి వెదికిన ఆదరణ అప్పుడు దొరికింది.

ఆ ఆదరణ ఆమెను ఏకాంతంలో కూర్చోబెట్టలేదు. 1889లో వితంతువుల విద్య కోసం బొంబాయిలో స్థాపించిన శారదా సదనం మరుసటి ఏడాది పూనాకు మారింది. 1893లో మతవివాదం రేగి, సలహాసంఘం తప్పుకుంది. అనేకమంది తమ పిల్లలను తీసుకుపోయారు. ఆమె సదనాన్ని మూయలేదు.

1896లో మధ్యపరగణాలలో మళ్ళీ కరువు వచ్చింది. ఎముకల గూళ్ళలా దారుల వెంట పడివున్న బాలికలను చూసినప్పుడు రమాబాయికి తిరుపతి అడవి జ్ఞాపకం వచ్చింది. ఆనాడు తన కుటుంబాన్ని చేరదీసేవారు లేరు. ఈనాడు తాను ఉంది! సుమారు 300 మందిని వెంటబెట్టుకువచ్చారు. పూనాకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని కేడ్‌గావ్‌లో ముక్తి సదనం వెలసింది. 1900 నాటి గుజరాత్ కరువు తరువాత అక్కడ ఆశ్రయం పొందినవారి సంఖ్య వేయి దాటింది. నేత, కుట్టు, వ్యవసాయం, ముద్రణ—ఒక్కొక్కరూ ఒక్కొక్క పని నేర్చి తమ కాళ్ళపై నిలబడ్డారు. అంధస్త్రీలకు బ్రెయిలీ లిపి నేర్పారు.

విశ్వాసం ఆమెకు కొత్త దుఃఖాలు రాకుండా అడ్డుపడిందా? లేదు. తన అనంతరం సదనాన్ని నడుపుతుందని ఆశపడిన మనోరమ 1921లో, నలభై ఏళ్ళ వయస్సులో మరణించింది. అప్పటికి తల్లికి అరవై మూడేళ్ళు; వినికిడి ఏనాడో మందగించింది. సామాన్య స్త్రీలకు సైతం అర్థమయ్యే మరాఠీలో బైబిలును అనువదించాలని ఏళ్ళుగా శ్రమిస్తున్నారు. అందుకోసం హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకున్నారు. బిడ్డ పోయినా ఆ పని ఆగలేదు. దాన్ని ముగించి, 1922 ఏప్రిల్ 5న ఆమె తుదిశ్వాస విడిచారు. ఆమె నెలకొల్పిన సదనం నేటికీ పనిచేస్తున్నది.

‘ఆదరణ’ అన్న మాటను తెలుగు బైబిలు దుఃఖంలో లభించే ఓదార్పు అన్న అర్థంలో వాడుతుంది. ఇంటికి వచ్చినవారిని చేరదీసి అన్నం పెట్టడాన్ని కూడా మనం ఆదరణ అనే అంటాము. రమాబాయి జీవితంలో ఈ రెండు అర్థాలూ ఒకటయ్యాయి. పోయినవారు తిరిగి రాలేదు. గాయం పూర్తిగా మానిందని ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు. కాని తల్లి పాడెను తలపై మోసిన ఆ బాలిక, తల్లులను పోగొట్టుకున్న వందలాది బాలికలకు తల్లి కాగలిగింది. భగవంతుని చేతికి అప్పగించానన్న తండ్రి మాటను, ఆయన ఊహించని మార్గంలోనైనా, ఆ కూతురు కడవరకు నిలబెట్టుకుంది.