బోలు ఎముకల వ్యాధి – ఔషధ చికిత్స

ఎముక అనగానే రాయివలె నిర్జీవమైన వస్తువు మనకు స్ఫురిస్తుంది. వాస్తవానికి అది సజీవమైనది. కొన్ని కణాలు పాత ఎముకను కరిగిస్తూ ఉంటే, మరికొన్ని ఆ స్థానంలో క్రొత్త ఎముకను నిర్మిస్తూ ఉంటాయి. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజన్ క్షీణించి, నిర్మాణం కంటె క్షయమే అధికమవుతుంది. ఎముక విరిగేవరకు రోగికి బాధ తెలియదు.

మా ఫూఫీ, అనగా మేనత్తగారు, వాకిట్లో జారిపడగా తుంటి ఎముక విరిగింది. అప్పటికి పదేళ్ళుగా ఆమె కాల్షియం బిళ్ళలు మింగుతూనే ఉన్నారు. కాల్షియం, విటమిన్ డి ఎముకకు ముడిసరుకులు. అవి అవసరమే కాని, ముదిరిన క్షయాన్ని ఆపడానికి అవి మాత్రమే చాలవు.

ఆ పనిచేసే మందులలో ముఖ్యమైనవి బిస్ఫాస్ఫొనేట్లు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన అలెండ్రోనేట్ ఈ వర్గంలోనిదే. అది ఎముకను అంటిపెట్టుకొని, కరిగించే కణాలను నిర్వీర్యం చేస్తుంది. చికిత్సకు సాధారణంగా వారానికి 70 మిల్లీగ్రాములు, నివారణకు 35. మన అలవాట్లు అడ్డువచ్చేది ఇక్కడనే. పరగడుపున నిండు గ్లాసెడు మంచినీళ్ళతో వేసుకొని, అరగంటసేపు ఏమీ తినక, త్రాగక, నడుము వాల్చక ఉండాలి. పాలతోనో టీతోనో మింగితే మందు ఒంటబట్టదు. వెంటనే పడుకొంటే అన్నవాహిక ఒరుసుకొని పుండుపడవచ్చు. మా ఫూఫీ మొదటి బిళ్ళను టీతోనే మింగి, మళ్ళీ పడుకొన్నారు. నియమాలన్నీ మందు పెట్టెలోని కాగితంలో ఉన్నాయి, ఇంగ్లీషులో! ఇంటిలో చదువుకొన్నవాడినైన నేను దానిని విప్పి చూడలేదు.

బిళ్ళ సరిపడనివారికి జొలెడ్రోనిక్ ఆమ్లాన్ని ఏడాదికొకసారి నరానికి ఎక్కిస్తారు. మూత్రపిండాల పరీక్ష ముందుగా జరగాలి. 2002లో వచ్చిన టెరిపరటైడ్ తీరు వేరు. అది క్రొత్త ఎముకను పెంచుతుంది. ప్రతిదినం సూది వేసుకోవాలి, సాధారణంగా రెండేళ్ళకు మించి వాడరు, పిమ్మట క్షయాన్ని ఆపే మందు అందుకోవాలి.

2010లో అనుమతి పొందిన డెనోసుమాబ్ ఆరునెలలకొక సూది. సుఖమైనదే, కాని గడువు దాటనీయరాదు. అలెండ్రోనేట్ ఎముకలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది గనుక, ఐదేళ్ళ తరువాత కొందరికి వైద్యులే విరామమిస్తారు. డెనోసుమాబ్ అట్లా నిలువదు. మానివేస్తే క్షయం విజృంభించి, వెన్నుపూసలు ఒకేసారి అనేకం విరిగిన సందర్భాలున్నాయి. మానవలసివస్తే వైద్యుని సలహాతో మరొక మందుకు మారాలి.

దవడ ఎముక చెడడం అరుదైన దుష్ఫలితం. పన్ను తీయించుకొనేముందు దంతవైద్యునికి ఈ మందుల సంగతి చెప్పాలి.