బండి మీద చలి ఎందుకంత ఎక్కువ?

వేసవి ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన ప్రాంతంలోనే ఉంది. అలాంటి చోట చలి గురించి వ్యాసమేమిటని మీరు నవ్వవచ్చు. నిజమే. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా 16 నుండి 19 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఉంటుంది. కొన్ని రోజుల్లో ఇంకొంచెం దిగుతుంది. నీరు గడ్డకట్టే సున్న డిగ్రీల దరిదాపులకు మాత్రం రాదు.

కాని ఆ వేళప్పుడు నరసరావుపేట నుండి గుంటూరు మిర్చి యార్డుకు మోటారు సైకిలు మీద బయలుదేరిన రైతును అడిగి చూడండి. ఊరు దాటి పది నిమిషాలు గడవక ముందే చెవులు జివ్వుమంటాయి. కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. వేళ్ళు కొంకర్లు పోతాయి. అదే మనిషి అంతకుముందు ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగినప్పుడు ఇంత చలి లేదు. థర్మామీటరు రెండు చోట్లా ఒకే అంకె చూపిస్తుంది. మరి శరీరం వేరే మాట చెబుతోందేం?

ఈ ప్రశ్న వట్టి కుతూహలం కోసం వేసింది కాదు. సంక్రాంతి రోజులంటే మన పల్లెల్లో ఊపిరి సలపని రోజులు. ఒక పక్క పత్తి తీతలు ముగింపుకు వస్తుంటాయి, మరొక పక్క మిరప కోతలు మొదలవుతుంటాయి. తెల్లవారకుండానే మీ నాన్నగారో, అన్నయ్యో, బాబాయో బండి తీస్తారు. కొంకర్లు పోయిన వేళ్ళతో బ్రేకు పట్టడమంటే ప్రాణాలతో చెలగాటం. అందుచేత సంగతి మొదటినుండి చూద్దాం.

మన ఒంటి మీది గాలి చొక్కా

మన శరీరం ఆరని కొలిమి. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంట్లో దాదాపు 100 వాట్ల బల్బు ఎంత వేడి ఇస్తుందో అంత వేడి పుడుతూ ఉంటుంది. లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. హాయిగా ఉన్నప్పుడు చర్మం ఉష్ణోగ్రత 33 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. బయటి గాలి 17 డిగ్రీలే కాబట్టి వేడి మననుండి గాలిలోకి పోక తప్పదు.

ఇక్కడ ప్రకృతి మనకొక ఉపకారం చేసింది. నిశ్చలంగా ఉన్న గాలి అధమ ఉష్ణవాహకం. చర్మాన్ని అంటిపెట్టుకుని కొద్ది మిల్లీమీటర్ల మందాన ఒక గాలి పొర ఉంటుంది. అది మన వేడితోనే వెచ్చబడి, మనకే చొక్కాలా పనిచేస్తుంది. అరుగు మీద కూర్చున్న రైతును కాపాడింది ఈ కనిపించని చొక్కాయే.

వేడి కాఫీని మీరెలా తాగుతారు? ఊదుకుంటూ తాగుతారు. ఊదినప్పుడు కాఫీ మీద ఉన్న వెచ్చని గాలీ, ఆవిరీ పక్కకు పోతాయి. వాటి స్థానంలోకి చల్లని, పొడి గాలి వస్తుంది. అది వెచ్చబడేలోగా మళ్ళీ ఊదుతారు. బండి మీద మనల్ని అలాగే ఎవరో ఎడతెగకుండా ఊదుతున్నట్లు లెక్క.

గాలి మన మీదికి వీస్తేనేం, మనమే గాలిలోకి దూసుకుపోతేనేం? చర్మానికి రెండూ ఒకటే. తుపానుల గురించి వార్తల్లో ‘తీవ్ర వాయుగుండం’ అనే మాట వింటుంటారు. దానిలో గాలుల వేగం గంటకు 50 నుండి 61 కిలోమీటర్లు. ఆకు కదలని తెల్లవారుజామున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బండి నడిపేవాడు తన కోసం తానే ఒక వాయుగుండాన్ని సృష్టించుకుంటున్నాడన్నమాట! ఆ గాలికి కప్పులేని చర్మం నుండి పోయే వేడి, నిశ్చలమైన గాలిలో పోయేదానికి సుమారు నాలుగైదు రెట్లు ఉంటుంది.

సైకిలు తొక్కేవాడికి ఇంత బాధ లేదు. అతని వేగం తక్కువ. పైగా కాళ్ళు ఆడించడంవల్ల ఒంట్లో వేడి ఎక్కువగా పుడుతుంది. మోటారు సైకిలు మీద పని అంతా ఇంజనుది, గాలి దెబ్బ అంతా మనిషిది.

చేసి చూడండి

ఒకే కొలత గల రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్ళు పోసి మూతలు పెట్టండి. ఒకదానిని తిరుగుతున్న ఫ్యాను ముందు, రెండవదానిని గాలి తగలని మూల ఉంచండి. పది నిమిషాల తరువాత మూతలు తీసి ఉష్ణోగ్రతలు కొలవండి. ఫ్యాను ముందున్న నీరే ఎక్కువగా చల్లారి ఉంటుంది.

ఇప్పుడు పొడిగా ఉన్న థర్మామీటరును చాలాసేపు ఫ్యాను ముందు పెట్టండి. పాదరసం దిగుతుందా? దిగదు. అది ముందే గది ఉష్ణోగ్రతలో ఉంది. పోగొట్టుకోవడానికి దాని దగ్గర అదనపు వేడి లేదు. గాలి చలిని మోసుకొచ్చి ఇవ్వదు. ఉన్న వేడిని దోచుకుపోతుంది, అంతే. వేడి పుట్టించే వస్తువుకే దాని దెబ్బ తెలుస్తుంది. కనుక 17 డిగ్రీల పొడిగాలిలో ఎంత వేగంగా పోయినా మీ వేలు 17 డిగ్రీల కన్న చల్లబడదు. అయితే ఆ అంకెకు త్వరగా దగ్గరవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంజను రెక్కలు, మన వేళ్ళు

గాలితో చల్లబడే మోటారు సైకిలు ఇంజను చుట్టూ పలచని లోహపు రెక్కలు ఉంటాయి. ఎందుకో తెలుసా? పెట్రోలు మండగా వచ్చిన శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే బండిని నడపడానికి ఉపయోగపడుతుంది. తక్కినదంతా వేడే. ఆ వేడి బయటకు పోకుంటే ఇంజను పాడైపోతుంది. రెక్కలు ఉపరితల వైశాల్యాన్ని పెంచుతాయి. ఎదురుగాలి వాటి మధ్యగా దూరి వేడిని లాక్కుపోతుంది.

ఇప్పుడు మీ చేతిని చాచి చూసుకోండి. ఐదు వేళ్ళు ఐదు రెక్కలు! ఒక సెంటీమీటరు భుజం గల ఘనం తీసుకుంటే దాని ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘనపు సెంటీమీటరు. పది సెంటీమీటర్ల ఘనానికి ఇవి 600, 1000. అంటే చిన్న ఘనానికి ఒక్కొక్క ఘనపు సెంటీమీటరుకు 6 చదరపు సెంటీమీటర్ల తలం ఉంటే, పెద్దదానికి ఉన్నది 0.6 మాత్రమే. చిన్నవి, సన్ననివి త్వరగా చల్లారడానికి కారణం ఇదే. అందుకే వేళ్ళు, చెవులు, ముక్కు కొస ముందుగా చలికి లొంగుతాయి. ఇంజనును బతికించే ఎదురుగాలే నడిపేవాడి వేళ్ళను మొద్దుబారుస్తుంది.

దీనికి తోడు శరీరం మరొక పని చేస్తుంది. ఛాతీకి చలి తగలగానే గుండె, మెదడు వంటి ముఖ్యమైన అవయవాలను వెచ్చగా ఉంచడానికి చేతులకూ కాళ్ళకూ వెళ్ళే రక్తనాళాలను సన్నబరుస్తుంది. వేళ్ళకు వెచ్చని రక్తం అందడం తగ్గిపోతుంది. కనుక గుర్తుంచుకోండి: చేతులు వెచ్చగా ఉండాలంటే చేతితొడుగులు ఒక్కటే చాలవు, ఛాతీని కూడా కప్పాలి.

చర్మం ఉష్ణోగ్రత 20 డిగ్రీల కన్న తగ్గేకొద్దీ వేళ్ళ చురుకుదనం తగ్గుతుంది. 15 డిగ్రీల దగ్గరకు వస్తే పట్టు బాగా సడలుతుంది. ఇక లెక్క వేయండి. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. మొద్దుబారిన వేళ్ళు బ్రేకు నొక్కడంలో అర సెకను ఆలస్యం చేస్తే బండి 7 మీటర్లు అదనంగా పోతుంది. పొగమంచులో, వెనుక ఎర్ర దీపం లేని పత్తి ట్రాక్టరు దారిలో ఆగి ఉంటే ఆ 7 మీటర్లే బతుకూ చావూ తేలుస్తాయి.

అంటార్కిటికాలో నీటి డబ్బా

గాలివల్ల చలి ఎంత పెరుగుతుందో కొలిచినవారు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికన్లు. సైపుల్ కథ మీకు నచ్చుతుంది. ఆయన స్కౌటు బాలుడుగా ఎంపికై, 1928లో బయలుదేరిన బైర్డు అన్వేషణ యాత్రతో అంటార్కిటికాకు వెళ్ళాడు. తరువాత శాస్త్రజ్ఞుడయ్యాడు. 1939–41 నాటి అమెరికన్ యాత్రలో ఆయనా పాసెలూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో నీరు నింపి ఆరుబయట వేలాడదీశారు. వేర్వేరు గాలి వేగాలలో అది గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచారు. ఫలితాలు 1945లో అచ్చయ్యాయి. 2001లో అమెరికా, కెనడా దేశాలు ఈ లెక్కను సవరించి కొత్త సూత్రం తెచ్చాయి.

ఆ సూత్రం 10 డిగ్రీలు, అంతకు తక్కువ ఉష్ణోగ్రతలకే వర్తిస్తుంది. మన మైదానాలకు దానితో పని లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి మాత్రం ఉంది. అక్కడ 5 డిగ్రీల ఉదయాన గంటకు 40 కిలోమీటర్ల వేగంతో బండి మీద పోయేవారి ముఖానికి తగిలే చలి, సుమారు మైనస్ 2 డిగ్రీల నిశ్చలమైన గాలిలో ఉండే చలితో సమానం. అయినా బండికి తగిలించిన సీసాలో నీరు గడ్డకట్టదు. ఎందుకో పైన ఫ్యాను ముందు పెట్టిన థర్మామీటరు చెప్పనే చెప్పింది!

మంచు తడి

వానలు వెనుదిరిగాక మన ఆకాశం నిర్మలంగా ఉంటుంది. రాత్రిపూట నేల తన వేడిని వికిరణం ద్వారా పైకి పంపేస్తుంది. ఆపడానికి మబ్బులు ఉండవు. నేలను అంటి ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, పల్లానికి జారుతుంది. కాలువ గట్టు దిగగానే, చెరువు పక్కకు రాగానే ఒక్కసారిగా జిల్లుమనడానికి కారణం ఇదే. అక్కడే పొగమంచు కూడా పేరుకుంటుంది.

మంచులో పోతే బట్టలు చెమ్మగిల్లుతాయి. నీరు గాలికన్న సుమారు 25 రెట్లు మంచి ఉష్ణవాహకం. అది చాలదన్నట్లు ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడిని తీసుకుంటుంది. ఆ వేడిలో చాలా భాగం మన ఒంటినుండే రావాలి. మీ థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను ముందు పెడితే ఈసారి పాదరసం దిగడం కళ్ళారా చూస్తారు.

పత్తి, మిరప ఏమంటాయి?

మన పొలంలో పండే పత్తి చలికి మంచి మందు. బొంత వెచ్చగా ఉండేది పత్తి వేడివల్ల కాదు, దూది పోగుల మధ్య చిక్కుకున్న నిశ్చలమైన గాలివల్ల. అయితే తడిసిన దూదిలో ఆ గాలి ఉండదు. ఎదురుగాలి దూరినా ఉండదు. కనుక లోపల దూదో, ఉన్నో, వదులుగా. పైన గాలి చొరబడని పొర. వానకోటు అయినా సరే. ఏమీ లేకపోతే చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య ఛాతీ మీద నాలుగు మడతల వార్తాపత్రిక పెట్టుకున్నా చాలు.

ఇక మిరప. బయలుదేరే ముందు కారంగా నాలుగు మిరపకాయ బజ్జీలు తింటే చలి ఆగుతుందని కొందరి నమ్మకం. ఒళ్ళు వేడెక్కినట్లు అనిపించడం నిజం. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీని రహస్యం కనిపెట్టింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటి మన నరాల్లో ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ సరిగ్గా దానినే తట్టి లేపుతుంది. వేడి లేకపోయినా ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పోతుంది. స్పర్శ గ్రాహకాలపై పనిచేసిన ఆర్డెం పటపూటియన్‌తో కలిసి జూలియస్ 2021లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కారానికి చెమట కూడా పడుతుంది కాబట్టి ఎదురుగాలిలో నష్టమే తప్ప లాభం లేదు. మద్యం మరీ ప్రమాదం. అది చర్మంలోని రక్తనాళాలను విప్పారజేసి ఒంటి వేడిని బయటకు వదిలేస్తుంది; వివేకాన్నీ పోగొడుతుంది.

మీ ఇంట్లో చెప్పండి

తెల్లవారుజామున బండి తీసేవారికి ఈ మాటలు మీరే చెప్పాలి. ఛాతీకి గాలి చొరబడని పొర ఉండాలి. వేళ్ళను వంచే కండరాలు ముంజేతిలో ఉంటాయి కనుక పొడుగు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దగ్గర గుండీ పెట్టుకోవాలి. చేతితొడుగులు మరీ బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, గాలి పొరా నిలవదు. తలగుడ్డ హెల్మెట్‌కు బదులు కాదు. మఫ్లరు కొసలు చక్రంలో పడకుండా లోపలికి దోపుకోవాలి. వేళ్ళు మొద్దుబారినట్లు అనిపిస్తే బండి పక్కకు ఆపి, చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబరచుకోవాలి. అన్నిటికన్న తేలికైనది వేగం తగ్గించడం. దానివల్ల గాలి దోచుకునే వేడీ తగ్గుతుంది, బ్రేకు వేశాక బండి ఆగే దూరమూ తగ్గుతుంది. పొగమంచు దట్టంగా ఉంటే పొద్దెక్కేదాకా ఆగడం అన్నిటికన్న మేలు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. అప్పుడు ఇదే సూత్రం ఇంటి కప్పుకు వేలాడే ఫ్యాను రూపంలో మనకు చుట్టమవుతుంది. చివరగా ఒక ప్రశ్న. గదిలో ఎవరూ లేనప్పుడు, ‘గది చల్లబడుతుంది’ అని ఫ్యాను తిరగనిస్తే ఏమైనా ఉపయోగం ఉందా? జవాబు మీకిప్పుడు తెలుసు. లేచి వెళ్ళి స్విచ్చి ఆపండి.