రేకుల షెడ్డులో పురుగుమందు: వేడికి పోయేదేమిటి, పుట్టేదేమిటి?

రొంపిచెర్ల చుట్టుపక్కల మిర్చి కోతలు, పత్తి తీతలు అయ్యాక సగం మిగిలిన పురుగుమందు డబ్బాలు రేకుల షెడ్డులోకో మోటారు గదిలోకో చేరతాయి. మళ్లీ మూత తీసేది తొలకరి పడ్డాకే. నడుమ గడిచేదంతా పల్నాడు ఎండాకాలం. ఎండల వార్తల్లో ఇక్కడి రెంటచింతల పేరు వినపడని వేసవి మనకు అరుదు. మధ్యాహ్నం పూట రేకుల కింద వేడి బయటి నీడలో కంటే ఎక్కువే. ఆ డబ్బాల్లో ఏం జరుగుతుందన్న దాని మీద కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి.

అపోహ: మూత గట్టిగా ఉంటే మందుకేమీ కాదు. ఆవిరైతేనే నష్టం.

వాస్తవం: ఆవిరి కావడం వేరు, అణువు మారిపోవడం వేరు. డబ్బీలో కర్పూరం తరిగిపోయినా గాల్లో కలిసింది కర్పూరమే. చాలా పురుగుమందుల్లో వేడికి అణువే మారుతుంది. అందుకు గాలి తగలాల్సిన పని కూడా లేదు. అణువులోని బంధాలన్నీ ఒకే బలంతో ఉండవు. రెండు కార్బన్ల మధ్య బంధం తెంచడానికి మోలుకు సుమారు 350 కిలోజౌళ్లు కావాలి. పెరాక్సైడ్లలో రెండు ఆక్సిజన్ల మధ్య బంధానికి 150 చాలు. బెంజాయిల్ పెరాక్సైడ్ 100 డిగ్రీలు దాటగానే పేలిపోయేది అందుకే. ఎంత వేడిలోనైనా బంధాన్ని తెంచగలిగేంత జోరు కొద్ది అణువులకే ఉంటుంది. ఉష్ణోగ్రత కాస్త పెరిగితే అలాంటి అణువుల సంఖ్య చాలా పెరుగుతుంది. అందువల్ల 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపు అవుతుంది, కొన్నింటికి మూడు నాలుగు రెట్లు కూడా. మందుల నిల్వ సామర్థ్యం పరీక్షించేవాళ్లు 54 డిగ్రీల దగ్గర 14 రోజులు ఉంచి, దాన్ని మామూలు నిల్వలో రెండేళ్లకు సమానంగా లెక్కవేసేది ఈ ఆధారంతోనే.

అపోహ: గడువు తేదీ దాటలేదు, అంటే మందు బాగున్నట్టే.

వాస్తవం: ఆ తేదీ చల్లని, పొడి చోట ఉంచిన డబ్బాకు వర్తిస్తుంది. లేబుల్ మీద ఆ మాట కూడా ఉంటుంది, తేదీ కంటే చిన్న అక్షరాల్లో.

అపోహ: వేడికి పాడైన మందు పవర్ తగ్గుతుంది, మనిషికీ ప్రమాదం తగ్గుతుంది. డోసు కాస్త పెంచి కొడితే సరి.

వాస్తవం: వీటన్నిటిలో ప్రాణం మీదికి తెచ్చే నమ్మకం ఇదే. మలాథియాన్ సంగతి చూడండి. దాని అణువు నడుమ భాస్వరం, దాన్ని పట్టుకుని గంధకం, ఆక్సిజన్లు ఉంటాయి. వేడిలో నిల్వ ఉంటే ఒక ఆక్సిజన్‌కు అంటుకుని ఉన్న మిథైల్ గుంపు గంధకం మీదికి మారుతుంది. భాస్వరానికి గంధకంతో కంటే ఆక్సిజన్‌తో జంట బంధం బలమైనది, అందుకే అణువు అటు మొగ్గుతుంది. అలా పుట్టేది ఐసోమలాథియాన్. మలాథియాన్ మనిషికి కాస్త తక్కువ ప్రమాదకరం అనిపించుకున్నదే మన ఒంట్లో కార్బాక్సిల్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది కాబట్టి. పురుగులకు ఆ బలం తక్కువ. ఐసోమలాథియాన్ సరిగ్గా ఆ ఎంజైమ్‌నే పనిచేయనివ్వదు. దాంతో డబ్బాలో మారకుండా మిగిలిన మలాథియాన్ కూడా మనిషికి మరింత విషమవుతుంది. 1976లో పాకిస్తాన్ మలేరియా నియంత్రణ పథకంలో ఇదే జరిగింది. పిచికారీ పనిలో ఉన్న 7,500 మందిలో ఒక్క జులైలోనే సుమారు 2,800 మందికి విషలక్షణాలు కనిపించాయి. అయిదుగురు చనిపోయారు. వాడిన పొడిలో ఐసోమలాథియాన్ పేరుకుని ఉన్నట్టు తర్వాత తేలింది. చేతులకు తొడుగు లేకుండా, డోసు పెంచి కొట్టే మన కూలీకి ఎవరు ఏం చెబుతున్నారు?

అపోహ: వేడి తగిలితే ఏ రసాయనమైనా ముక్కలే అవుతుంది.

వాస్తవం: 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అణువులు విరగలేదు, ఒకదానికొకటి అతుక్కుంటూ పోయాయి. అతుక్కున్న ప్రతిసారీ వేడి పుట్టింది, ఆ వేడికి అతుక్కోవడం ఇంకా వేగం పుంజుకుంది, మిగిలిన స్టైరీన్ ఆవిరై బయటికొచ్చింది. 12 మంది చనిపోయారు.

అపోహ: కాయ మీద మందున్నా ఉడికిస్తే పోతుంది.

వాస్తవం: కొన్ని పోతాయి. మిర్చి మీద తెగుళ్లకు విరివిగా కొట్టే మాంకోజెబ్ మాత్రం పొయ్యి మీద విడిపోయి ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థంగా మారుతుంది. అది థైరాయిడ్‌కు హానికరం. మాంకోజెబ్ ఎక్కువగా తొక్క పైనే ఉంటుంది కనుక పచ్చిమిర్చిని వండే ముందు బాగా కడిగితే చాలావరకు వదిలిపోతుంది. ఎండుమిర్చిని కారం పట్టించే ముందు మాత్రం ఎవరూ కడగరు.