ఉషాదేవి మరచిన వరం

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమందు అరోరా అనే పట్టణం ఉన్నది. 1986లో అక్కడ వేంకటేశ్వరస్వామి ఆలయం వెలసినందున ఆ పేరు మనవారికీ పరిచయమైనది. అరోరా అంటే రోమనుల ఉషాదేవి. గ్రీకులు ఆమెనే ఈయోస్ అన్నారు. ఆమె కథను 1753లో ఫ్రెంచివారు ఒపెరాగా ఆడారు. ఒపెరా అంటే పాటతోనే కథ నడిచే నాటకం. మన యక్షగానం ఎరిగినవారికి అది కొత్త కాదు.

ముందు గ్రీకు కథ చెప్పుకుందాం. ఉషాదేవి తిథోనస్ అనే మానవుణ్ణి వలచింది. ఇతనికి చావు లేకుండా చేయమని దేవతల రాజు జ్యూస్‌ను వేడింది. వరం దొరికింది. యౌవనం కూడా అడగాలన్న మాట మాత్రం ఆమె మరచింది. తిథోనస్ ముదిరి, కాలూ చేయీ ఆడక మూలబడ్డాడు. ఆమె అతణ్ణి ఒక గదిలో పడుకోబెట్టి తలుపు మూసింది. లోపల గొంతు ఒక్కటే ఆగక వినబడుతూ ఉండేది. చివరకు అతడు కీచురాయి అయ్యాడని తరువాతివారు చెప్పారు.

ఇక ఒపెరా సంగతి. మోందోన్విల్ సంగీతం కూర్చిన ఈ నాటకాన్ని 1753 జనవరి 9న పారిస్‌లో మొదట ఆడారు. ఇందులో నాయకుడు తితోన్, గొర్రెల కాపరి. కాపరుల దేవత పాలెస్ అతణ్ణి కోరుతుంది. అతడు కాదనగానే పగతో ముసలివాణ్ణి చేస్తుంది. ఉషాదేవి ఆ ముసలివాణ్ణీ విడువదు. అప్పుడు ప్రేమదేవుడు అతనికి యౌవనం తిరిగి ఇస్తాడు.

ఆ రోజుల్లో పారిస్‌లో ఇటలీ సంగీతం గొప్పదా, ఫ్రెంచి సంగీతం గొప్పదా అని పెద్ద తగవు నడుస్తున్నది. ఈ ఒపెరాకు వచ్చిన పేరును ఫ్రెంచి పక్షంవారు తమ గెలుపుగా చెప్పుకున్నారు. 2021లో దీనిని పారిస్‌లోనే మళ్ళీ రంగస్థలం మీదికి తెచ్చారు.

కథలో మార్పు గమనించండి. గ్రీకు కథలో తప్పు ప్రేమించినదానిదే. ఒపెరాలో తప్పు పగదానిది, కనుకనే తేలికగా తీరిపోయింది.

మన యయాతి కథ వేరు. శుక్రుని శాపంతో వచ్చిన ముసలితనాన్ని ఏ దేవుడూ తీయలేదు. కొడుకు పూరుడు తన యౌవనాన్ని తండ్రికిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు ఆ కథనే అచ్చతెలుగు కావ్యంగా రచించాడు.

ఓడలెక్కి వచ్చిన మన పెద్దలు తెలుగు చావకూడదని కోరుకున్నారు. అది చావలేదు. పండుగనాడు పాడుతూనే ఉన్నాము. కాని పాట అర్థమేమిటని పిల్లలడిగితే మనలో ఎందరం చెప్పగలం? గొంతు మిగిలింది, తలుపు మూసి ఉన్నది. ఆ పిల్లలు తమ చిన్నతనంలో వారానికొక సాయంత్రం తెలుగుకిస్తే చాలు. అడగడం మరచిపోకుండా ఉండవలసినది మనమే.