రంగంలోకి దిగిన చిట్టి కారు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఒక సంగతి ఒప్పుకోవాలి. కంప్యూటర్ మనకి అన్నం పెడుతుంది గానీ, దాని లోపల కరెంటు ఎలా పారుతుందో మనలో చాలామందికి పట్టదు. నా సంగతే చూడండి. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశాను. పదేళ్ళ పైబడి కన్సల్టింగ్ చేస్తున్నాను. అయినా మొన్నమొన్నటి దాకా సోల్డరింగ్ ఐరన్ చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. అలాంటి నన్ను మా తొమ్మిదేళ్ళ అమ్మాయి, అరచేతి కంటే కాస్త పెద్ద కారొకటీ కలిసి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టాయి. ఆ కథే ఇది.

ఊరూ పేటా

మేముండేది మయన్మార్‌లోని యాంగోన్‌లో, సంచౌంగ్ అనే పేటలో. యాంగోన్ అంటే మన తాతల నాటి రంగూన్. వాళ్ళ నోట అది "రంగం". కోస్తా జిల్లాల నుంచి వేలాదిమంది ఓడలెక్కి ఇక్కడి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి వచ్చారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతోనే బర్మావాళ్ళు మనవాళ్ళని "కోరంగీలు" అనేవారు. వాళ్ళు రెక్కల కష్టం మీద బతకడానికి వచ్చారు. నేను లాప్‌టాప్ సంచీతో వచ్చాను.

సంచౌంగ్‌లో వీధులు ఇరుకు. రెండు వైపులా లిఫ్టుల్లేని అపార్ట్‌మెంట్లు. బాల్కనీల నుంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతుంటాయి. కింద ఎవరైనా పేపరో పొట్లమో తాడు చివరి క్లిప్పుకి తగిలిస్తే పైకి లాక్కోవడమే. మా రోబో కారు కిట్టు కూడా అలాగే ఐదో అంతస్తుకి చేరింది.

ఇది 2024 ఎండాకాలం మాట. కరెంటు ఉండే గంటల కంటే లేని గంటలే ఎక్కువగా ఉన్న రోజులు. తింజాన్ సెలవులు, అంటే ఇక్కడి నీళ్ళ పండగ. బయటికెళితే తడుపుతారు, లోపల కూర్చుంటే ఉడుకుతుంది. అమ్మాయికి ఏదో ఒక పని చూపించకపోతే ఇల్లు పీకి పందిరేసేలా ఉంది. అందుకే ఈ కిట్టు తెప్పించాను.

డబ్బాలో ఏముంది?

ఇలాంటి కిట్లు ప్రపంచమంతటా దాదాపు ఒక్కలాగే ఉంటాయి. ఒక యాక్రిలిక్ పలక. పసుపు రంగు గేరు మోటార్లు రెండు. 65 మిల్లీమీటర్ల చక్రాలు రెండు. వెనక ఎటు కావాలంటే అటు తిరిగే బుల్లి చక్రం ఒకటి. మోటార్లని నడిపే ఎల్298ఎన్ బోర్డు. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్. ఆ సెన్సర్‌ని అటూ ఇటూ తిప్పే చిన్న సర్వో మోటారు. గడియారాల్లో వేసే సైజు సెల్లులు నాలుగు పట్టే డబ్బా. వీటన్నిటికీ పెద్ద దిక్కుగా ఆర్డుయినో ఊనో బోర్డు.

ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్ళో, డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది. అక్కడి ఒక బారు పేరే దీనికి పెట్టారు. ఊనోలో ఉన్న చిప్పు వేగం 16 మెగాహెర్ట్‌జ్, ప్రోగ్రాముకి 32 కిలోబైట్లు, డేటాకి 2 కిలోబైట్లు. అవును, కిలోబైట్లే. గిగాబైట్లు నీళ్ళలా ఖర్చుపెట్టే మనకి ఇది మంచి పత్యం.

బిగింపు పని ఒక పూటలో అయిపోయింది. మరలన్నీ మా అమ్మాయే బిగించింది. నేను తీగలు కలిపాను.

చూడు, ఆలోచించు, కదులు

ప్రోగ్రాము రాయడం మనకి మంచినీళ్ళ ప్రాయం కదా. ముందుకి వెళ్ళు. దూరం కొలుస్తూ ఉండు. పాతిక సెంటీమీటర్ల లోపు ఏదైనా అడ్డొస్తే ఆగు. తల ఎడమకి తిప్పి కొలువు, తర్వాత కుడికి తిప్పి కొలువు. కాస్త వెనక్కి జరిగి, ఖాళీ ఎక్కువున్న వైపు తిరుగు. మళ్ళీ మొదటికి.

దూరం కొలవడం కూడా తేలికే. సెన్సర్‌కి 10 మైక్రోసెకన్ల సంకేతం ఇస్తే అది 40 కిలోహెర్ట్‌జ్ శబ్దాన్ని వదిలి, ప్రతిధ్వని కోసం చూస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళుతుంది కాబట్టి, పోయి రావడానికి సెంటీమీటరుకి 58 మైక్రోసెకన్లు. వచ్చిన కాలాన్ని 58తో భాగిస్తే దూరం తెలుస్తుంది. ఒక చిన్న మెలిక ఉంది. ఆ 343 అనేది 20 డిగ్రీల దగ్గర లెక్క. యాంగోన్ ఏప్రిల్‌లో 38 డిగ్రీలుంటే శబ్దం ఇంకాస్త వేగంగా వెళ్ళి, మీటరు దూరాన్ని 97 సెంటీమీటర్లని చూపిస్తుంది. మన పనికి ఆ తేడా లెక్కలోది కాదు.

పవర్ వేయగానే అన్నీ పని చేస్తున్నాయో లేదో తెలియడానికి, కారు ఒకసారి తల కుడికీ ఎడమకీ తిప్పేలా కూడా రాశాను. ఈ ముక్క గుర్తుంచుకోండి.

గోడ ముందు దణ్ణాలు

బల్ల మీద యూఎస్‌బీ తీగతో ఉన్నంతసేపూ కారు బ్రహ్మాండంగా నడిచింది. చెయ్యి అడ్డం పెడితే ఆగింది, తల తిప్పింది, చక్రాలు వెనక్కి తిప్పింది. తీగ పీకి గచ్చు మీద వదిలాం. గోడ దాకా వెళ్ళింది, ఆగింది, తల అటూ ఇటూ తిప్పింది, వెనక్కి కదలబోయింది... ఆగిపోయింది. మళ్ళీ తల తిప్పింది. మళ్ళీ కదలబోయింది. మళ్ళీ ఆగింది. "గోడకి దణ్ణాలు పెడుతోంది నాన్నా" అని మా అమ్మాయి ఒకటే నవ్వు.

మనం ఏం చేస్తాం? లాప్‌టాప్ తెరిచి కోడ్ చూస్తాం. తీగ పెట్టి డీబగ్ చేస్తే ఏ తప్పూ లేదు. తీగ తీస్తే తప్పు. "నా మెషీన్‌లో పని చేస్తోంది" అని ఎంతమంది క్లయింట్లకి చెప్పి ఉంటామో, ఆ పాపమంతా ఒక్కసారే తగిలింది. 2 కిలోబైట్ల మెమరీ నిండిపోతోందేమోనని మూడు సాయంత్రాలు కూర్చుని ప్రోగ్రాము మొత్తం తిరగరాశాను. కారు దణ్ణాలు మానలేదు.

నాలుగో రోజు అమ్మాయి నేల మీద బోర్లా పడుకుని చూస్తూ అంది: "నాన్నా, మొదటిసారి ఎడమకి చూస్తోంది. తర్వాత నుంచి ముందు కుడికి చూస్తోంది. కుడికి చూసేది నిద్ర లేచినప్పుడే కదా?"

నిజమే! అడ్డొచ్చినప్పుడు ముందు ఎడమకి, పవర్ వేసినప్పుడు ముందు కుడికి చూడమని రాసింది నేనే. అంటే కారు దారి వెతుక్కోవడం లేదు. ప్రతిసారీ స్పృహ తప్పి, మళ్ళీ లేస్తోంది. రాసినవాడికి తట్టనిది చూసినదానికి తట్టింది.

సామర్లకోట వైద్యం

సరే, రీసెట్ అవుతోంది. ఎందుకు? ఆ రాత్రి సామర్లకోటకి ఫోన్ చేసినప్పుడు మాటవరసకి నాన్నగారితో అన్నాను. ఆయన ముప్ఫయ్యేళ్ళు మోటార్లకి వైండింగ్ చేశారు. కంప్యూటర్ ముట్టుకోలేదు.

"మీటరు పెట్టి చూశావా?" అన్నారు.

"ఇది ప్రోగ్రాము తప్పండీ నాన్నగారూ, మీటరుతో పనేం లేదు."

"ఒరే, చేలో మోటారు వేసినప్పుడు పాకలో బల్బు ఏమయ్యేదిరా?"

డిమ్మయ్యేది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. ఆ ఒక్క మాటతో అంతా విడిపోయింది.

మోటారు తిరుగుతున్నప్పుడు తక్కువ కరెంటు తీసుకుంటుంది. కదలని స్థితి నుంచి లేచేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. మా బుల్లి మోటార్లు ఖాళీగా తిరిగితే ఒక్కొక్కటీ రెండు వందల మిల్లీ ఆంపియర్ల లోపు, లేచే క్షణంలో ఆంపియర్ దరిదాపుల్లో. అలాంటివి రెండూ ఒకేసారి లేస్తే ఆ నాలుగు సెల్లుల ఓల్టేజి ఢామ్మని పడిపోతుంది. అదే సెల్లుల మీద బతుకుతున్న ఆర్డుయినోకి ఊపిరాడదు. ఓల్టేజి 2.7 దాకా దిగితే ఊనో తనంతట తనే రీసెట్ అయ్యేలా కట్టారు. బల్ల మీద ఎందుకు నడిచిందంటే, యూఎస్‌బీ తీగ సమాచారంతో పాటు 5 ఓల్టుల కరెంటు కూడా ఇస్తోంది. అంటే జబ్బు చూడ్డానికి పెట్టిన గొట్టమే మందు కూడా ఎక్కిస్తోందన్నమాట.

మర్నాడు ముల్లు మీటరొకటి తెచ్చి పెట్టాను. కారు వెనక్కి కదలబోయిన ప్రతిసారీ ముల్లు కిందికి కొట్టుకుంది. మూడు సాయంత్రాలు కోడ్‌లో వెతికింది అర నిమిషంలో కనబడింది.

మందు ఇది. మోటార్లకి వేరే బ్యాటరీ: 18650 సైజు లిథియం సెల్లులు రెండు వరసగా కలిపితే 7.4 ఓల్టులు. ఎల్298ఎన్ బోర్డు తన కోసం రెండు ఓల్టుల దాకా మింగేస్తుంది కాబట్టి మోటార్లకి అయిదున్నర దాకా అందుతాయి, సరిపోతుంది. ఆర్డుయినోకి విడిగా పవర్ బ్యాంక్. కోతల పుణ్యమా అని అది ఇంట్లో ఉండనే ఉంది. ఒక్కటి మర్చిపోకూడదు: రెండింటి నెగటివ్ తీగలూ కలిపి తీరాలి. లేకపోతే ఆర్డుయినో చెప్పేది మోటారు బోర్డుకి అర్థం కాదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాలేజీ ఫారాల్లో తండ్రి వృత్తి అన్న గడిలో నేను "వ్యాపారం" అని రాసేవాణ్ణి. మోటార్ల వైండింగ్ అని రాయడానికి నామోషీ. ఆ గడి ఇప్పుడు ఎవరూ ఇవ్వరు, దిద్దుకోవడానికి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మిగతా గుంటలు

మీరు కూడా మొదలుపెడితే పడబోయే గుంటలు మరికొన్ని చెబుతాను.

సున్నా అంటే అడ్డం కాదు. ప్రతిధ్వని రాకపోతే కాలం కొలిచే ఫంక్షన్ సున్నా ఇస్తుంది. దాన్ని "సున్నా సెంటీమీటర్లు" అనుకుంటే, ముందంతా ఖాళీగా ఉన్నప్పుడే కారు హడలిపోయి ఆగుతుంది. మన డేటాబేసుల్లో ఖాళీకీ సున్నాకీ ఉన్న తేడాయే ఇది. పైగా ఆ ఫంక్షన్ మామూలుగా ఒక సెకను దాకా ఎదురుచూస్తుంది. ఆ సెకనంతా కారు గుడ్డిదే. గడువు 25 మిల్లీసెకన్లకి తగ్గించండి. నాలుగు మీటర్లకి అది చాలు.

9, 10 పిన్నులు. ఊనోలో సర్వో లైబ్రరీ వాడితే ఈ రెండింటి మీదా వేగం తగ్గించే పీడబ్ల్యూఎం పని చేయదు. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదవనిది నేనే. మోటార్ల వేగానికి 5, 6 పిన్నులు వాడుకోండి.

తిన్నగా వెళ్ళదు. రెండు మోటార్లు ఎప్పుడూ కవలలు కావు. మా కారు ఎడమకి లాగేది. కుడి మోటారుకి 180, ఎడమ దానికి 195 ఇస్తే కుదిరింది. ఇంకా కచ్చితంగా కావాలంటే చక్రాలకి 20 గళ్ళ బిళ్ళలు తగిలించి లెక్కపెట్టాలి. 65 మిల్లీమీటర్ల చక్రానికి గడికి సుమారు ఒక సెంటీమీటరు.

గుడ్డకి ప్రతిధ్వని ఉండదు. ఆరేసిన లుంగీని మా కారు ఎన్నడూ చూడలేదు, ప్రతిసారీ అందులోకి దూరిపోయేది. మెత్తటి గుడ్డ శబ్దాన్ని మింగేస్తుంది. ఏటవాలు గోడ పక్కకి తోసేస్తుంది.

లిథియం సెల్లులతో జాగ్రత్త. తీగలు ఒకదానికొకటి తగిలితే నిప్పే. దానికి తగిన ఛార్జరే వాడండి. ఛార్జింగ్‌లో పెట్టి నిద్రపోకండి, పిల్లలకి ఒంటరిగా వదలకండి.

చివరగా

1948-49లో బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త ఎల్మర్, ఎల్సీ అనే రెండు తాబేలు రోబోలు కట్టాడు. ఒక్కొక్కదానికి రెండంటే రెండే వాల్వుల మెదడు. వెలుతురు వెతుక్కుంటూ, అడ్డొస్తే తప్పుకుంటూ తిరిగేవి. బ్యాటరీ నీరసిస్తే తమ గూటికి పోయి ఛార్జి చేసుకునేలా కట్టాడు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. ఆయన మెదడుతో పాటు ఆకలి గురించీ మొదటే ఆలోచించాడు. నేను మెదడు రాసి, ఆకలి మర్చిపోయాను.

మా కారు ఇప్పుడు గదంతా తిరుగుతోంది, మెట్ల అంచు మాత్రం దానికింకా తెలియదు. అది నేర్పడం తర్వాతి పని. అమ్మాయి అప్పుడే తాతయ్యకి ఫోన్ చేసి సలహా అడిగింది, నాకంటే ముందు. మీ పిల్లలతో మీరూ ఒకటి కట్టి చూడండి. అది కదలనప్పుడు కోడ్ తెరవబోయే ముందు ఒక్కసారి మీటరు పెట్టండి. ఊళ్ళో మీటరు పట్టిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే, ఆ వంకన వాళ్ళకో ఫోన్ కూడా చెయ్యండి.