పిస్టల్ కొన్నా.. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు!

‘‘ఏందిరా గిది?’’
‘‘పిస్టలమ్మా. ఎయిర్ పిస్టల్. ఆటది.’’
‘‘తుపాకితోని ఆటేందిరా?’’

అంతే. ఆ తర్వాత మూడు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టేది, పక్కకు తిరిగి వెళ్లిపోయేది.

మాది గోదావరిఖని. ఎనభైలు, తొంభైల్లో ఇక్కడ పెరిగినవాళ్లకు అమ్మ భయం ఎందుకో చెప్పక్కర్లేదు. సికాస పేరు గోడల మీద ఉన్న రోజులు, పొద్దున్నే పేపర్లో ఎన్‌కౌంటర్ వార్త చూసి ఎవరి కొడుకో అని వాడంతా ఆరా తీసిన రోజులు అమ్మ చూసింది. నేను పుట్టేసరికి అదంతా కథల్లోకి వెళ్లిపోయింది. నాకు పిస్టల్ అంటే మను బాకర్. అమ్మకు పిస్టల్ అంటే అర్ధరాత్రి తలుపు చప్పుడు.

నాకీ పిచ్చి ఎలా పట్టింది?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఫోన్లో లైవ్ చూస్తున్నా. అంతకుముందే మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గురించి చదివా. 2018లో పదమూడేళ్ల వయసులో జాతీయ చాంపియన్ అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. పరుగెత్తక్కర్లేదు, ఆరడుగులు ఉండక్కర్లేదు. నిలబడి, ఒక్క చెయ్యి చాపి, ఊపిరి ఆపి కొట్టాలి. ‘ఇది నాతో అవుతుంది’ అనుకున్నా. కాదని తర్వాత తెలిసింది!

ఏడు నెలలు జీతంలోంచి కొంచెం కొంచెం దాచి, హైదరాబాద్‌లో ఒక షూటర్ దగ్గర సెకండ్ హ్యాండ్ మ్యాచ్ పిస్టల్ 31 వేలకు కొన్నా. పాత బిల్లు, అమ్మినట్టు రాసిన కాగితం, గుళ్ల డబ్బా బ్యాగులో పెట్టుకుని రామగుండం స్టేషన్లో దిగేసరికి రాత్రయింది. గుండె దడదడ.

లైసెన్స్ కావాలా?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. (.177) మించని, 20 జౌల్స్ దాటని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అవసరం లేదు. అదే .22 పిస్టల్ అయితే కథ వేరు. అది మందుతో పేలే అసలు తూటా. దానికి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ తప్పనిసరి, సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. అమెరికా వీడియోల్లో కుర్రాళ్లు .22తో మొదలుపెడతారు. మన దగ్గర మొదటి మెట్టు గాలి పిస్టలే.

బాపు పెట్టిన రూల్స్

బాపు గనిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరయ్యిండు. బొగ్గులో రంధ్రాలు వేసి, మందు కూరి, అందరినీ దూరం పంపి పేల్చడం ఆయన పని. పిస్టల్ చూసి కోప్పడలేదు. చేతిలోకి తీసుకుని నోరు గోడవైపు తిప్పి పట్టుకుండు. ‘‘లోపట ఏం లేదని నువ్వనుకుంటవు. నువ్వు అనుకునుడు లెక్కకు రాదు, సూసుడే లెక్క’’ అన్నడు.

గనిలో పది రంధ్రాలకు మందు పెడితే పది చప్పుళ్లు చెవితో లెక్కపెట్టాలట. తొమ్మిదే వినిపిస్తే ఎవరూ ఫేసు దగ్గరికి పోకూడదు. అదే లెక్క నాకూ పెట్టిండు. ఎన్ని గుళ్లు తీసుకుంటే అన్ని రంధ్రాలు కాగితం మీద ఉండాలి. కొట్టేటప్పుడు డాబా మెట్ల తలుపుకు గొళ్లెం. కళ్లద్దాలు లేకుండా ఒక్క షాట్ కూడా వద్దు. పిస్టల్ గడప దాటొద్దు.

మొదటి దెబ్బ నాకే తగిలింది

మా డాబా పొడవు పన్నెండు మీటర్లు. ఒక చివర మెట్ల గది గోడ. పది మీటర్లు కొలిచి సుద్దతో గీత గీశా. గుండు ఆగడానికి స్క్రాప్ షాపులో పాత కన్వేయర్ బెల్టు ముక్క తెచ్చి వేలాడదీశా. మన దగ్గర దానికేం కరువు! మూడో షాట్‌కే గుండు రబ్బరుకు తగిలి బంతిలా తిరిగొచ్చి మోకాలి కింద తాకింది. చర్మం కమిలింది, అంతే. కానీ ఆ ఎత్తు ఇంకాస్త పైకుంటే? కళ్లద్దాలు ఎందుకో అప్పుడర్థమైంది. ఇప్పుడు వెనక ఇనుప రేకు ఉన్న డబ్బాలో పాత బట్టలు గట్టిగా కుక్కి వాడుతున్నా. గుండు అందులోనే చస్తుంది.

ఇక ఆట విషయం. టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. చిన్న చొక్కా గుండీ అంత! అరవై షాట్లు, మొత్తం 600 పాయింట్లు. మను పారిస్ క్వాలిఫికేషన్‌లో 580 కొట్టింది. నా మొదటి అరవై షాట్ల స్కోరు 412. ఎనిమిది షాట్లు నల్ల వలయంలోకి కూడా రాలేదు.

గురి కన్నా ట్రిగ్గర్ కష్టం. మ్యాచ్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం అరకిలో బరువు మోయాలని రూలు. ‘ఇప్పుడు కొట్టాలి’ అని మెదడు అరిచిందా, వేలు గుంజేస్తుంది, గుండు పక్కకు పోతుంది. అందుకే నెలరోజులు గుండు లేకుండా తెల్లగోడకేసి చూస్తూ ట్రిగ్గర్ మాత్రమే నొక్కా. బోర్ కొడుతుంది. కానీ స్కోరు పెరిగింది దానివల్లే. పద్నాలుగు నెలలకు 521కి వచ్చా.

ఒక్క రీల్.. అంతే!

తప్పు నాదే. బాపు ఊర్లో లేని రోజు ఫ్రెండ్ వచ్చాడు. ‘‘ఒక్క రీల్ రా’’ అన్నాడు. గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లా. స్లో మోషన్, వెనక పాట. సాయంత్రానికి లైకులే లైకులు. మర్నాడు పొద్దున కాలనీ వాట్సాప్ గ్రూపులో అదే వీడియో. కింద ఎవరో రాశారు: ‘ఈ తుపాకీ పిల్లగాడు ఎవరు?’

సాయంత్రం ఇద్దరు కానిస్టేబుళ్లు ఇంటికి వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. కాగితాలు చూశారు, పిస్టల్ చూశారు. చూసేవాళ్లకు అది గాలిదో అసలుదో తెలియదని, భయపెట్టినా కేసవుతుందని చెప్పి, వీడియో తీసేయించి వెళ్లిపోయారు. మొత్తం పది నిమిషాలు.

కానీ ఆ పది నిమిషాలూ అమ్మ తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. వాళ్లు వెళ్లాక కూడా వదల్లేదు. ఇన్నేళ్లు ఏ చప్పుడుకు భయపడిందో అదే చప్పుడు నా వల్ల మా ఇంటి తలుపు మీద పడింది. నాకు వచ్చిన లైకులు 1,200. అవి చూడబుద్ధి కాలేదు.

రెండు నెలలు పిస్టల్ ముట్టలేదు.

కొనాలనుకుంటే..

* ముందు ఏదైనా రేంజ్‌లో కొట్టి చూడండి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర స్పోర్ట్స్ అథారిటీ రేంజ్ ఉంది.
* చౌక స్ప్రింగ్ పిస్టల్ కొట్టగానే చేతిలో ఎగురుతుంది. డబ్బాలు కొట్టడానికి సరదాగా ఉంటుంది, గురి నేర్చుకోవడానికి కష్టం. లివర్‌తో గాలి నింపేది మొదలుపెట్టేవాళ్లకు మేలు.
* స్టెయర్, మొరీని లాంటి విదేశీ మ్యాచ్ పిస్టల్స్ ఖరీదు ఎక్కువ. మొదట్లోనే అప్పు చేయొద్దు.
* పిడి మీ చేతికి సరిపోవాలి. కుడి చేతి పిడి ఎడమ చేతికి పనికిరాదు.
* చదును ముక్కు గుళ్లు కాగితాన్ని గుండ్రంగా కోస్తాయి, స్కోరు లెక్క తేలిక. అవి సీసంవి, కొట్టాక చేతులు కడగండి.
* పోటీలకు వెళ్లాలంటే తెలంగాణ రైఫిల్ అసోసియేషన్ దారి.
* స్టేటస్, రీల్ వద్దు. నా మాట వినండి.

తాళంచెవి

మళ్లీ మొదలుపెట్టింది అమ్మ మాట మీదే. ‘‘ఆడితే ఆడు. తాళంచెవి నా దగ్గరుంటది’’ అంది. ఇప్పుడు డబ్బా తాళంచెవి అమ్మ కొంగుకే. రోజూ అడిగి తీసుకోవాలి, కొట్టగానే తిరిగివ్వాలి. ఆమెకు ఇష్టమైందని కాదు. మధ్యాహ్నం ఓసీ బ్లాస్టింగ్‌కు కిటికీలు గలగలమంటే పట్టించుకోని మనిషి, నా పిస్టల్ ‘టప్’ మంటే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

మొన్న తాళంచెవి తిరిగిచ్చేటప్పుడు కాగితం అడిగింది. వెలుతురుకు పట్టుకుని రంధ్రాలు లెక్కపెట్టింది.

‘‘పది గుండ్లు తీస్కపోయినవ్. తొమ్మిదే ఉన్నయేందిరా?’’

‘‘రెండు ఒక్కదాంట్లనే పడ్డయమ్మా.’’

నమ్మలేదు. డాబా ఎక్కి, డబ్బాలో బట్టలు విప్పి, పదో గుండు దొరికేదాకా వెతికింది.