ఊరందరికీ తెలుసు, బిడ్డకి తప్ప!

మన ఇళ్ళలో దత్తత కొత్తేమీ కాదు. పిల్లల్లేని అన్నకి చెల్లెలు తన బిడ్డనిస్తుంది. కన్నతల్లీ, పెంచిన తల్లీ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కలుస్తూనే ఉంటారు. విషయం ఊరందరికీ తెలుసు, ఒక్క ఆ బిడ్డకి తప్ప. "చెబితే పసిమనసు చెదిరిపోదూ? పెంచిన తల్లిమీద ప్రేమ తగ్గిపోదూ?" అంటారు పెద్దవాళ్ళు.

మాకు తెలిసిన ఒకింట్లో ఇలాగే దాచారు. పాపకి తొమ్మిదేళ్ళప్పుడు, సంగతి తెలియని దూరపు చుట్టం ఒకావిడ మేనత్త కొడుకుని చూపించి, "ఏమే, మీ బావని చేసుకుంటావా?" అని వేళాకోళమాడింది. అందరి మొహాలూ మాడిపోయాయి. ఆ 'బావ' ఆ పిల్లకి తోడబుట్టిన అన్న మరి! పాపకి నిజం ఇంకా తెలియదు. అయినా పెద్దవాళ్ళ మౌనం చూసి, "నేనేం తప్పు చేశానమ్మా?" అని ఆ రాత్రంతా ఏడ్చిందట.

అమెరికాలో హెరాల్డ్ గ్రోటెవంట్, రూత్ మెక్‌రాయ్ అనే పరిశోధకులు 1980ల మధ్య నుంచి 190 దత్తత కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించారు. కన్నతల్లితో రాకపోకలున్న పిల్లలు "నా అమ్మ ఎవరు?" అని తికమకపడలేదు. తమమీద తమకున్న గౌరవమూ తగ్గలేదు. అలాగని రాకపోకలుంటే చాలు, అన్నీ సర్దుకుంటాయనీ కాదు. ఇంట్లో ఆ సంగతి దాపరికం లేకుండా మాట్లాడుకోవడమే పిల్లలకి బలం.

పెంచిన తల్లికి భయమెందుకు? హిందువులకి వర్తించే 1956 నాటి దత్తత చట్టం ప్రకారం, దత్తత రోజు నుంచీ ఆ బిడ్డ మీ బిడ్డే. సక్రమంగా జరిగిన దత్తతని ఎవరూ రద్దు చేసుకోలేరు. అయితే కన్నవారింట ఉంటే ఎవరిని పెళ్ళాడకూడదో, దత్తత వెళ్ళాక కూడా వాళ్ళని పెళ్ళాడకూడదని అదే చట్టం చెబుతోంది. మేనరికాలున్న మన ఇళ్ళలో నిజం దాచడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అందుకే మూడు, నాలుగేళ్ళ వయసులోనే కథలా చెప్పడం మొదలుపెట్టండి. పెద్దయ్యేకొద్దీ అడిగినదానికల్లా జవాబివ్వండి. కన్నతల్లిని ఏమని పిలవాలో ఇద్దరు తల్లులూ ముందే అనుకోండి. "నా దగ్గరుంటేనా..." అని ఆవిడ పిల్ల ముందు నిట్టూర్చకూడదు. ఎంత కోపమొచ్చినా, "పో, మీ అమ్మ దగ్గరికే పో" అని మీరూ అనకూడదు.